చూపు లేని చేతులకు పని: పారిస్ నుంచి ఖరగ్‌పూర్ దాకా

ఖరగ్‌పూర్ పేరు వినగానే మీకు రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి రైలు, రెండోది ఐఐటీ. ఈ స్టేషనులోని ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటిపోయేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాంగా మన పాఠ్యపుస్తకాల్లో దీని పేరే ఉండేది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కోస్తా జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డాయి. ఇక్కడి వీధుల్లో బెంగాలీ, హిందీ, ఒడియాలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది.

ఇలాంటి రైల్వే పట్టణంలో చాలా ఉద్యోగాలు కంటి పరీక్షతోనే మొదలవుతాయి. రైల్వే డాక్టర్లు ఉద్యోగాలను ఏ-1 నుంచి సి-2 వరకు వర్గాలుగా విభజించారు. రైలు నడిపేవారిది ఏ-1. కళ్లజోడు లేకుండానే దూరపు అక్షరాలు చదవాలి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా పొరపాటు లేకుండా చెప్పాలి. వేలాది ప్రయాణికుల ప్రాణాలు సిగ్నలు రంగు మీద ఆధారపడి ఉంటాయి కనుక ఈ కచ్చితత్వం అవసరమే.

మరి చూపు లేనివారి సంగతేమిటి? నడివయసులో చూపు పోగొట్టుకున్న కార్మికుడు ఏం చేయాలి? పుట్టుకతోనే చూపు లేని యువకుడు డిగ్రీ చదివి ఏ ఆఫీసు తలుపు తట్టాలి? ఈ ప్రశ్నలకు సమాజం ఇచ్చిన జవాబులకు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయం ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రయోగశాలలోనే రూపుదిద్దుకుంది. మొదటినుంచీ చూద్దాం.

బిచ్చగాడికి ఇచ్చిన ఉపకార వేతనం

1771లో పారిస్‌లో జరిగిన ఒక తిరునాళ్లలో కొందరు అంధులకు వింత దుస్తులు తొడిగి, వాయిద్యాలు చేతికిచ్చి, జనాన్ని నవ్వించడానికి కూర్చోబెట్టారు. ఆ దృశ్యం చూసి బాధపడ్డ వాలెంటిన్ హవీ అనే భాషావేత్త అంధులకు చదువు నేర్పాలని సంకల్పించాడు. 1784లో ఆయనకు దొరికిన మొదటి విద్యార్థి ఫ్రాన్స్వా లెస్యూర్. చర్చి ముందు బిచ్చమెత్తి ఇంటివారిని పోషిస్తున్న కుర్రవాడు.

ఇక్కడ హవీకి ఒక చిక్కు ఎదురైంది. చదువుకు కూర్చుంటే లెస్యూర్‌కు ఆ రోజు రాబడి పోతుంది. అందుకని ఆ నష్టాన్ని హవీ తన జేబులోంచి పూడ్చాడు. శిక్షణ కాలంలో ఇచ్చే ఉపకార వేతనం అవసరం అంధుల విద్య పుట్టినరోజునే తెలిసివచ్చిందన్నమాట. పిల్లవాడికి చదువు చాలు. పెద్దవాడికి చదువుతో పాటు ఆ పూట భోజనం కూడా కావాలి. వయోజనుల శిక్షణలో ఈ సమస్య నేటికీ అలాగే ఉంది.

హవీ కాగితంపై అక్షరాలను ఉబ్బెత్తుగా అచ్చువేయించాడు. కంటికోసం పుట్టిన ఆ అక్షరాలు వేలికి సులువుగా అందలేదు. పైగా అంధులు వాటిని చదవగలిగినా తమంతట తాము రాయలేకపోయేవారు. ఈ లోటు తీర్చినవాడు అదే పాఠశాల విద్యార్థి లూయీ బ్రెయిల్. 1809లో పుట్టిన లూయీ మూడో ఏట తండ్రి జీనులు కుట్టే కార్ఖానాలో ఆడుకుంటూ, పదునైన పనిముట్టు కంటికి తగిలి క్రమంగా రెండు కళ్ల చూపూ కోల్పోయాడు. చార్లెస్ బార్బియే తయారుచేసిన 12 చుక్కల లిపిని ఆరు చుక్కలకు తగ్గించి, 1824 నాటికి, అంటే 15 ఏళ్ల వయసుకే, తన పద్ధతిని రూపొందించాడు. అది 1829లో అచ్చయింది.

ఆరు చుక్కలే ఎందుకు? ఆ గడి మొత్తం వేలికొస కిందికి ఒక్కసారిగా ఇమిడిపోతుంది. వేలిని పైకీ కిందికీ జరపనక్కరలేదు. ప్రతి చుక్కా ఉండవచ్చు, లేకపోవచ్చు. కనుక 2ను ఆరుసార్లు గుణిస్తే 64 అమరికలు వస్తాయి. అందులో ఖాళీ గడిని తీసేస్తే 63 గుర్తులు మిగులుతాయి. అక్షరాలకు, అంకెలకు, సంగీతానికి కూడా అవే చాలు. మరీ ముఖ్యంగా, ఒక పలక, ఒక మొన ఉంటే అంధుడు తానే రాసుకోగలడు. జాబు రాయగలడు, లెక్క రాయగలడు. ఆఫీసు పనికి కావలసిన మొదటి అర్హత ఇదే కదా.

యుద్ధం తెరిచిన తలుపు

19వ శతాబ్దమంతా అంధుల పాఠశాలలు పెరిగాయి. మన దేశంలో మొదటి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ ప్రారంభించారు. కానీ ఇవన్నీ పిల్లల బడులు. పెద్దవయసులో చూపు పోయినవారి గురించి ప్రభుత్వాలు ఆలోచించడానికి ఒక ప్రపంచ యుద్ధం కావలసి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు, విషవాయువులకు గురై చూపు పోయిన సైనికులు వందల సంఖ్యలో ఇంగ్లండుకు తిరిగివచ్చారు. వారికోసం 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే శిక్షణాలయం ఏర్పడింది. స్థాపకుడు ఆర్థర్ పియర్సన్ పత్రికాధిపతి. గ్లకోమా వల్ల ఆయన చూపు కూడా పోయింది. అక్కడ బ్రెయిల్, టైపింగు, కోళ్ల పెంపకం, బుట్టల అల్లిక, మర్దన చికిత్స, టెలిఫోన్ స్విచ్‌బోర్డు పని నేర్పేవారు.

అక్కడ శిక్షణ పొందినవారిలో క్లూథా మెకంజీ అనే న్యూజిలాండు సైనికుడున్నాడు. 1915లో గలిపోలి యుద్ధంలో ఆయన రెండు కళ్లూ పోయాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆయన భారతదేశం వచ్చాడు. చూపు కోల్పోయిన భారతీయ సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ వసతిగృహం ఏర్పడినప్పుడు దాని బాధ్యత ఆయన చేపట్టాడు. స్వాతంత్ర్యం తరువాత, 1950లో, భారత ప్రభుత్వం అక్కడే వయోజన అంధుల శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. మరుసటి ఏడాది కేంద్రీయ బ్రెయిల్ ముద్రణాలయం వచ్చింది. ఆ సంస్థలే పెరిగి పెద్దవై నేటి దృష్టిలోప జాతీయ సంస్థగా మారాయి.

యుద్ధం నుంచి వచ్చిన మరో కానుక పొడవు తెల్లకర్ర. 1944లో అమెరికాలోని ఒక సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ అనే శిక్షకుడు కర్రను ఊతంగా గాక స్పర్శేంద్రియంగా వాడే పద్ధతి రూపొందించాడు. ఛాతీ దాకా వచ్చే తేలికపాటి కర్రను శరీరం ముందు విల్లులా అటూ ఇటూ కదుపుతూ, కుడికాలు వేసేటప్పుడు ఎడమవైపు, ఎడమకాలు వేసేటప్పుడు కుడివైపు నేలను తాకాలి. అంటే అడుగు పడబోయే చోటును కర్ర ఒక అడుగు ముందే చూసిపెడుతుంది. పని నేర్చుకున్నంత మాత్రాన సరిపోదు, పనిచోటికి ఒంటరిగా వెళ్లిరాగలగాలి. అందుకే నడక శిక్షణ నేటికీ వయోజనుల పాఠ్యక్రమంలో మొదటి పాఠం.

నేర్పిన పని మాయమైతే?

ఇప్పుడు ఒక చిక్కుముడి దగ్గరికి వచ్చాం. అంధులకు ఏ పని నేర్పాలి?

చాలాకాలం పాటు జవాబు సులువుగానే కనిపించింది. చేతి స్పర్శతో చేయగల పని నేర్పితే చాలుననుకున్నారు. మన దేశంలో పేముతో కుర్చీలు అల్లడం అలా అంధుల వృత్తి అయింది. ప్రభుత్వ కార్యాలయాల్లో పేము కుర్చీలు ఉన్నంతకాలం వాటిని తిరిగి అల్లే పని కూడా ఉండేది. తరువాత ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అల్లేందుకేమీ మిగల్లేదు.

టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం ఇంతకంటె మెరుగైనది. వినికిడి, జ్ఞాపకశక్తి, చక్కని మాటతీరు ఉంటే చాలు. స్విచ్‌బోర్డు మీది దీపాల బదులు వేలికి తగిలే సూచికలు అమర్చితే పని సాగిపోయేది. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, రైల్వే కార్యాలయాల్లో ఎందరో అంధులు ఇలా గౌరవంగా బతికారు. అయితే ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాక బయటివారు నేరుగా కావలసిన నంబరుకే ఫోన్ చేయసాగారు. మధ్యలో ఆపరేటరు అవసరం తగ్గిపోయింది.

తరువాత వంతు ఎస్‌టీడీ, పీసీఓ బూతులది. 1980ల, 90ల దశకాల్లో వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యమిచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే స్టేషను దగ్గర పసుపుపచ్చ బోర్డు కింద కూర్చున్న అంధుడి గురించి చెప్పవచ్చు. సెల్‌ఫోన్లు ఇంటింటికీ రాగానే ఆ బూతులూ మూతపడ్డాయి.

మూడు వృత్తులదీ ఒకే కథ. ఇక్కడ గమనించవలసిన విషయమేమిటంటే, యంత్రం వచ్చి పని పోవడం చూపున్నవారికీ జరుగుతుంది. బొగ్గు ఇంజన్లు పోయినప్పుడు ఖరగ్‌పూర్ కార్మికులెందరో కొత్త పని నేర్చుకోవలసి వచ్చింది. కానీ వారికి కొత్త పుస్తకం చదివే, నోటీసు చూసే, దరఖాస్తు నింపే వీలుంది. ఒక్క చేతిపని మాత్రమే నేర్చిన అంధుడికి ఆ వీలు లేదు. కనుక ఫలానా పని నేర్పడంకన్న, ఏ పనికైనా కావలసిన చదువు, రాత అందుబాటులోకి తేవడమే స్థిరమైన పరిష్కారం. అది మన భాషల్లో సాధ్యం కావడానికి అర్ధశతాబ్దం పట్టింది.

నాలుగు భాషలకు ఒకే స్పర్శ

ఖరగ్‌పూర్‌కు సంబంధించినంతవరకు 1951 రెండు విధాల గుర్తుంచుకోదగ్గ సంవత్సరం. బ్రిటిష్ వారు స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఆ ఏడాది దేశపు మొదటి ఐఐటీ తరగతులు మొదలయ్యాయి. అదే ఏడాది, యునెస్కో సహకారంతో, భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిల్ ఆమోదం పొందింది. అంతకుముందు మన దేశంలో వేర్వేరు బ్రెయిల్ పద్ధతులు వాడుకలో ఉండేవి. ఒక పాఠశాల పుస్తకం మరో పాఠశాలలో పనికొచ్చేది కాదు. వాటిని ఏకం చేసే కృషిలో క్లూథా మెకంజీ యునెస్కో సలహాదారుగా పాలుపంచుకున్నాడు.

భారతి బ్రెయిల్‌లో ధ్వనికే ప్రాధాన్యం. తెలుగు 'క', బెంగాలీ 'క', హిందీ 'క', ఒడియా 'క' కంటికి నాలుగు రకాలుగా కనిపిస్తాయి. వేలికి మాత్రం నాలుగూ ఒకటే. మొదటి చుక్క, మూడో చుక్క. ఖరగ్‌పూర్ వంటి నాలుగు భాషల పట్టణంలో చూపున్నవాడు నాలుగు లిపులు నేర్వాలి, బ్రెయిల్ పాఠకుడికి ఒక్కటి చాలు.

'కాకి' అనే మాట తీసుకోండి. తెలుగులో దీర్ఘం, గుడి అక్షరానికి అంటుకుని ఉంటాయి. బ్రెయిల్‌లో క, ఆ, క, ఇ అని వరుసగా నాలుగు గడులు రాస్తారు. 'అమ్మ'లో ఒత్తు ఉంది. అక్కడ మొదటి 'మ'కు ముందు నాలుగో చుక్క ఒక్కటే ఉన్న గడి రాస్తే, ఆ 'మ' పొల్లు అని అర్థం. అంటే పొల్లు గుర్తు అక్షరానికి ముందే వస్తుంది.

హిజ్లీ పక్కన ఒక ప్రయోగశాల

కంప్యూటర్ రాగానే అంధుల పరిస్థితి మారిపోవలసింది. ఇంగ్లీషులో మారింది కూడా. 1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ అచ్చుపుస్తకాన్ని పైకి చదివే యంత్రాన్ని ప్రదర్శించాడు. కారు ప్రమాదంలో చూపు పోయిన టెడ్ హెంటర్ సంస్థ నుంచి 1989లో 'జాస్' అనే తెర చదివే ప్రోగ్రాం వచ్చింది. కానీ ఇవి మన భాషలు మాట్లాడవు. ఇంగ్లీషు రాని అంధుడికి కంప్యూటర్ మూగది.

ఈ లోటు తీర్చే ప్రయత్నం ఖరగ్‌పూర్ ఐఐటీలో ప్రొఫెసర్ అనుపమ్ బసు, ఆయన సహచరులు చేపట్టారు. వారు తయారుచేసిన 'స్పర్శ' అనే సాధన సంపుటిని 2005లో పరిశోధన పత్రంగా ప్రపంచం ముందుంచారు. భారతీయ భాషల్లో టైపు చేసినదాన్ని బ్రెయిల్‌లోకి, బ్రెయిల్‌ను తిరిగి ఆ భాషల్లోకి అది మారుస్తుంది.

ఇందులో కష్టమేముందని మీకనిపించవచ్చు. ఇంగ్లీషులోనైతే 'ఎ'కు ఈ చుక్కలు, 'బి'కి ఆ చుక్కలు అని పట్టిక ఇస్తే పని చాలావరకు సాగుతుంది. మన లిపులు అలా కాదు. బెంగాలీలో 'కి' రాస్తే గుడి గుర్తు 'క'కు ఎడమవైపున పడుతుంది. కంటికి కనిపించే వరుస వేరు, నోటితో పలికే వరుస వేరు. బ్రెయిల్‌కు పలికే వరుస కావాలి. ఒత్తులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో గుర్తించాలి, పొల్లు గుర్తును ముందుకు తేవాలి. ప్రతి భాషకూ దాని సూత్రాలను కంప్యూటర్‌కు నేర్పాలి.

అదే బృందం నుంచి వచ్చిన 'శ్రుతి' రాతను మాటగా మారుస్తుంది. హిందీ, బెంగాలీ భాషలకు దీన్ని రూపొందించారు. మనిషి గొంతు నుంచి సేకరించిన అతి చిన్న ధ్వని ముక్కలను అతికించి మాటలు పలికించడం దీని పద్ధతి. ఇక్కడా చిక్కులే. హిందీలో 'రామ' అని రాసి 'రామ్' అని పలుకుతారు. బెంగాలీలో 'అ'కారం చాలాచోట్ల 'ఒ'కు దగ్గరగా పలుకుతుంది. ఎక్కడ ఎలా పలకాలో యంత్రం తేల్చుకోవాలి. తెలుగు ఈ విషయంలో కొంత నయం, రాసినట్లే చదువుతాం.

ఈ పరిశోధనల ప్రయోజనం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. వీటివల్ల అంధుడు రాసినదాన్ని బ్రెయిల్ రాని పై అధికారి చదవగలడు, అధికారి రాసినదాన్ని అంధుడు చదవగలడు. ఆఫీసు ఉద్యోగం నడిచేది ఇలాంటి రాతకోతల మీదే. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్ 'ఎన్‌వీడీఏ' అనే తెర చదివే ప్రోగ్రాం మొదలుపెట్టి ఉచితంగా అందించాడు. ఈ రోజు అది తెలుగు కూడా చదువుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

పనిముట్టు ఉన్నా తలుపు తెరుచుకోకపోతే లాభం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో సి, డి తరగతుల పోస్టులకు వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ 1977లో వచ్చింది. అందులో అంధుల వాటా 1 శాతం. 1995 నాటి చట్టం దానికి శాసనబలం ఇచ్చింది. అయితే అంధులు చేయగల పోస్టులు ఏవో ముందుగా గుర్తించాలన్న నిబంధన ఉండటంతో, గుర్తించిన కొద్ది పోస్టుల్లోనే వాటా లెక్కగట్టేవారు. మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 చట్టం మొత్తం వాటాను 4 శాతానికి పెంచింది. అంధులకు, అల్పదృష్టి గలవారికి 1 శాతం కొనసాగింది. ఈ చట్టం ప్రకారం మెరుగైన కంట్లో చూపు 3/60 కంటె తక్కువైతే అంధత్వం. అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని 3 మీటర్ల దూరం నుంచి కూడా గుర్తుపట్టలేకపోవడం.

రైల్వే పట్టణానికి ఎక్కువగా పనికొచ్చేది మరో నిబంధన. ఉద్యోగంలో ఉండగా చూపు పోయినవారిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే అదనంగా సృష్టించాలి. 1995 చట్టంలోని 47వ సెక్షన్, 2016 చట్టంలోని 20వ సెక్షన్ చెప్పేదిదే. కానీ జీతం నిలబడటం వేరు, పని నిలబడటం వేరు. కొత్త పనికి శిక్షణ ఇవ్వకుండా మూల కుర్చీలో కూర్చోబెడితే చట్టం సగమే అమలైనట్టు.

చట్టం ఉన్నా అడ్డంకులు తొలగిపోలేదనడానికి ప్రాంజల్ పాటిల్ ఉదాహరణ. ఆరేళ్ల వయసులో చూపు కోల్పోయిన ఆమె 2016 సివిల్స్‌లో 773వ ర్యాంకు తెచ్చుకున్నారు. రైల్వే అకౌంట్స్ సర్వీసు కేటాయింపు జరిగింది. అంధత్వం కారణంగా ఆ నియామకం దక్కలేదు. మరుసటి ఏడాది 124వ ర్యాంకుతో ఐఏఎస్‌కు ఎంపికై, 2019లో తిరువనంతపురం సబ్ కలెక్టరుగా బాధ్యతలు చేపట్టారు. లెక్కల ఫైలు చూడలేరనుకున్న వ్యక్తి ఒక రెవెన్యూ డివిజన్ పాలన చూశారు.

మన మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో 1991లో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మీరు వినే ఉంటారు. అంధుడన్న కారణంతో పదో తరగతి తరువాత సైన్సు చదవనివ్వలేదు. ఆయన కోర్టుకెళ్లి అనుమతి సాధించి, సైన్సు చదివి, అమెరికాలోని ఎంఐటీలో పట్టభద్రుడయ్యాడు. 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టి వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. ఉద్యోగం అడిగేవాడు ఇచ్చేవాడయ్యాడు. అయితే సైన్సు చదవడానికి కోర్టు మెట్లెక్కే స్థోమత ఎందరికుంటుంది?

మీ వంతు

2011 జనగణన ప్రకారం మన దేశంలో దృష్టిలోపం గలవారు సుమారు 50 లక్షలు. వారిముందు కొత్త గోడలు కూడా లేస్తున్నాయి. బొమ్మలోని వంకర అక్షరాలు చదివితేనే తెరుచుకునే దరఖాస్తు, బటన్లు లేని గాజు తెర, కెమెరా ముందు కళ్లార్పమనే బ్యాంకు ధ్రువీకరణ ఇలాంటివే. ఈ చివరిదాన్ని గురించి 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. దానికి రెండు నెలల ముందు, చూపులేదన్న కారణంతో న్యాయాధికారి పదవికి పోటీపడనివ్వకపోవడం చెల్లదని తీర్పిచ్చింది.

మీరు విద్యార్థులు. ఇందులో మీరు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మీ తరగతిలో చూపులేని సహాధ్యాయి ఉంటే నోట్సు ఫొటో తీసి పంపకండి. తెర చదివే ప్రోగ్రాంకు ఫొటోలోని అక్షరాలు సరిగా అందవు. టైపు చేసి పంపండి. పరీక్షల్లో లేఖకుడిగా కూర్చోండి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. కంప్యూటర్ సైన్సు చదువుతున్నవారు తాము తయారుచేసిన ప్రోగ్రాంను ఒకసారి మౌసు పక్కన పెట్టి, తెర ఆపి, ఎన్‌వీడీఏతో నడిపి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒకరి ఉద్యోగం ఆగిపోతుంది. దాన్ని సరిచేయడానికి మీకు పట్టేది బహుశా ఒక సాయంత్రం.